నా తల మీద సామి సొత్తు

మొన్న ఒక సాయంత్రం మా మనవరాలు నెత్తి గోక్కుంటూ బడి నుంచి వచ్చింది. మా కోడలు దాని జడ విప్పి చూసి, ఇంట్లోకి పాము దూరినంత కేక పెట్టింది. పేలు! తిరుపతిలో, మూడో అంతస్తులో, రెండు పూటలా స్నానం చేసే పిల్ల తలలో పేలు! "ఎవరితోనూ అనకండి మామయ్యా, పరువు పోతుంది," అని నా దగ్గర మాట తీసుకుని, ఏదో మందు తెప్పించడానికి ఫోను చేతిలోకి తీసుకుంది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వినందుకు ఆమెకు కోపం వచ్చింది. నేను లోపలికి వెళ్లి, నా పెట్టెలో పంచెల అడుగున పాత గుడ్డలో చుట్టి పెట్టుకున్న చెక్క దువ్వెన తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాను. రెండు వైపులా సన్నని పళ్లు, ఏళ్ల తరబడి నూనె తాగి నల్లబడిన చెక్క, ఒక మూల కొంచెం విరిగింది. మనవరాలు దాన్ని తిప్పి తిప్పి చూసింది. తర్వాత నా తల వైపు చూసింది. "తాతా, నీకు ఒక్క వెంట్రుక కూడా లేదు కదా, ఈ దువ్వెన ఎందుకు దాచుకున్నావు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నా బోడి తల చూసిన వాళ్లెవరికైనా వచ్చే ప్రశ్న.

ఈ తల మీద ఒకప్పుడు మా ఊళ్లో ఏ ఆడపిల్లకూ లేనంత జుట్టు ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. మాది చంద్రగిరి పక్కన చిన్న ఊరు. వీధి అరుగు మీద కూర్చుంటే తిరుమల కొండ ఎదురుగా కనిపిస్తుంది. నేను పుట్టినప్పుడు పిడికెడంత ఉన్నానట, దక్కుతానని ఎవరికీ నమ్మకం లేదట. మా నాయన తల్లి, అంటే మా అవ్వ, నన్ను ఒడిలో పెట్టుకుని ఆ కొండ వైపు తిరిగి, వీడు బతికితే వీడి పుట్టు వెంట్రుకలు నీకే సామీ, ఇంటిల్లిపాదీ నడిచి కొండెక్కి ఇచ్చుకుంటాం అని మొక్కుకుంది. నేను బతికాను. జుట్టూ పెరిగింది. ఎక్కడెక్కడి నుంచో రైళ్లెక్కి వచ్చినవాళ్లు గుండ్లు కొట్టించుకుని వెళ్లిపోతుంటే, కొండ కింద ఉన్న మేము మాత్రం 'కొండ యాడికి పోతాది' అనుకుంటూ ఉండిపోయాం. తీరా బయలుదేరదాం అనుకునేసరికి సూతకాలు మొదలయ్యాయి. మా ఇంటి పేరు గలవాళ్లలో ఎవరు పోయినా ఏడాది పాటు కొండెక్కకూడదు. మా దాయాదుల్లో ముసలివాళ్లకు కొదవ లేదు. ఒకరి ఏడాది తీరకముందే ఇంకొకరు వెళ్లిపోయేవారు. ఒకసారి మా నాయన అట్లాంటి ఒక పెద్దాయన్ను సాగనంపి వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ, "అమ్మా, పెద్దాయనతో పాటు మనోడి గుండు గూడా పాయె. ఇంకో ఏడు ఆగాల్సిందే," అన్నాడు. అట్లా ఆగి ఆగి నేను బడికి వెళ్లే వయసు వచ్చినా, నడుము దాకా జుట్టుతోనే ఉన్నాను.

జుట్టు ఉంటే ఉండనీ, దాన్ని కాపాడటంలో అవ్వ పెట్టిన చట్టం చూడండి. కత్తెర తగలకూడదు, సరే, అది అందరూ పాటించేదే. మా అవ్వ ఇంకో మెట్టు పైకి పోయి, దువ్వెన కూడా తగలకూడదంది. "దువ్వెన పెడితే యెంటిక తెగుతాది. తెగిందంటే సామి సొత్తు మనం కాజేసినట్టే," అనేది. తలంటు పండగలకే, అదీ పైపైన. గట్టిగా రుద్దితే ఊడుతుందని భయం. పొరపాటున ఒక వెంట్రుక దుప్పటి మీద కనిపిస్తే దాన్ని కళ్లకద్దుకుని పసుపు గుడ్డ మూటలో వేసేది. వేళ్లతోనే నాకు జడ అల్లి, కనకాంబరాలు పెట్టి బడికి పంపేది. మగపిల్లవాడికి జడ, జడలో పూలు, ఆ పూల చుట్టూ పేలు. జుట్టు కొబ్బరి పీచులా అట్టలు కట్టింది. చెవుల వెనక పుండ్లు లేచాయి. మా అమ్మ నన్ను ఎప్పుడైనా గొడ్లపాకలోకి పిలిచి వేళ్లతో ఒక్కొక్క పేనూ తీసేది. అవ్వ చూసిందంటే ఇద్దరికీ పడేవి తిట్లు. కన్నకొడుకు తల దువ్వే హక్కు మా అమ్మకు లేదు. ఆ తల సామిది.

తల సామిది కాబట్టి, తల కిందున్న నేను సామి బిడ్డను. సామి బిడ్డను ఏడిపించకూడదు కదా! రాగి సంగటి వద్దంటే వద్దు, ఆకుకూర ఉమ్మేస్తే ఉమ్మేసినట్టే. బొరుగులూ బెల్లమూ, అంగట్లో గాజు సీసాలోని మైసూరుపాకూ, నేతి అన్నమూ, ఇవే నా భోజనం. మట్టిలో ఆడి వచ్చిన చేతులతోనే తినేవాణ్ణి. గోళ్ల సందున పొలం మట్టంతా ఉండేది. అప్పటి నా వైభవం తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ నా బక్క కాళ్లూ, ఉబ్బిన పొట్టా, నెలకోసారి వచ్చే విరేచనాలూ ఆ వైభవంలో భాగమేనని అప్పట్లో నాకు తెలియదు.

అప్పుడు మా బడికి చిత్తూరు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. పెళ్లి కాని చిన్న వయసు మనిషి, గంజి పెట్టిన నూలు చీర, చేతిలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు. మధ్యాహ్నం మాకు గోధుమ నూక ఉప్మా పెట్టేవాళ్లు. అంతకు ముందు మేము ఆకులు పట్టుకుని పరుగెత్తుకుని పోయి కూర్చునేవాళ్లం. టీచరమ్మ వచ్చాక కడవ పక్కన చెంబు పట్టుకుని నిలబడేది. చేతులు కడుక్కోనివాడికి ఉప్మా లేదు. కడుక్కోవడం అంటే తడుపుకోవడం కాదు, వేళ్ల సందుల్లో రుద్దాలి, గోళ్ల కింద రుద్దాలి. ఆ నీళ్లు వృథా పోకుండా కాలువ తీసి బడి వెనక తోటకూర మడికి పారించింది. ఆ తోటకూర కోసి ఉప్మాలోనే వేయించేది. మా చేతుల మురికితో పెరిగిన కూర మళ్లీ మాకే పెడుతున్నారని మేము గొణుక్కునేవాళ్లం. పొద్దున్నే వేపపుల్ల వేసిన నోరేదో, వేయని నోరేదో ఆమెకు దూరం నుంచే తెలిసిపోయేది. "ఈ పొద్దు ఏం ఆకు తిన్నావు?" అని ఒక్కొక్కరినీ అడిగేది. నేను మునగాకు అనో చెంచలాకు అనో ధైర్యంగా అబద్ధం చెప్పేవాణ్ణి. ఆమె నా జడ వైపు చూసి, ఏదో అనబోయి ఆగిపోయేది. మొక్కు జుట్టు అని ఆమెకూ తెలుసు.

ఆగనిది రెడ్డెమ్మత్త. మా వీధి చివర ఇల్లు ఆమెది. ఆమె కూతురు కాంత బడిలో నా పక్కనే కూర్చునేది. ఒకరోజు ఉప్మా వేళకు కాంత చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, హెడ్మాస్టరు ముందు నిలబెట్టింది.

"ఏం సారూ, ఈడ బడి పెట్టినారా, పేన్ల సంత పెట్టినారా? ఆ జడోని పక్కన కూసోబెట్టినారు, నా బిడ్డ నెత్తి పుండ్లు పడిపాయె. వాడన్నా ఉండాల, నా కూతురన్నా ఉండాల. మీరే తేల్చండి!"

వెనకాలే ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లులు వచ్చారు. హెడ్మాస్టరు మంచివాడే, కానీ గొంతు పెంచిన వాళ్లకు భయపడే మనిషి. మొక్కు తీరేదాకా పిల్లవాణ్ణి ఇంట్లోనే ఉంచుకోమని మా నాయనకు కబురు పంపాడు. మొక్కు తీరేదాకా! మా పెద్దతాత పోయి అప్పటికి నెల కూడా కాలేదు. అంటే సంవత్సరం మళ్లీ మొదటికొచ్చింది. ఆ సంవత్సరం లోపల ఇంకెవరైనా పోతే ఇంకో సంవత్సరం. నాకేమో అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చింది. రోడ్డు మీదికి పోయి బస్సుల నుదుటి మీది ఊళ్ల పేర్లు చదివి, శ్రీకాళహస్తి అని తప్పు లేకుండా చదివిన రోజున నేనే ఆ ఊరికి రాజునన్నంత సంబరపడ్డాను. ఆ చదువు పోతుందని తెలిసి గుండె పగిలేలా ఏడ్చాను. అవ్వ మాత్రం చలించలేదు. "సామి జుట్టున్నోడికి సదువు లేదంటారా? లేకుంటే పాయె. బర్రెల ఎంట పోతాడు, సల్లగా బతుకుతాడు," అనేసింది. అవ్వ అన్నదంటే మా నాయన దానికి ఎదురు చెప్పిన పాపాన పోలేదు. మర్నాటి నుంచి నేను బర్రెల వెంటే.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. అవ్వ వాకిట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని విత్తనానికి చెనిక్కాయలు, అంటే వేరుసెనక్కాయలు, ఒలుస్తోంది. టీచరమ్మ గొడుగు గోడకు ఆనించి, పిలవకుండానే ఎదురుగా కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టింది.

"ఏం టీచరమ్మా, కత్తెర తెచ్చినావా?" అంది అవ్వ తలెత్తకుండా.

"లేదవ్వా. మొక్కంటే మొక్కే. దానికి అడ్డం చెప్పేదానికి నేనెవురు?"

"మరింకెందుకొచ్చినావు?"

"ఒక మాట అడిగి పోదామని. కోపం చేసుకోవద్దు. ఈ జుట్టు సామికి మొక్కినావు, బాగుండాది. దీంట్లో ఉండే పేన్లను గూడా మొక్కినావా?"

వంటింటి గడపలో నిలబడిన మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మా నాయన గబగబా గొడ్లపాకలోకి వెళ్లిపోయాడు. నవ్వుకోవడానికని తర్వాత తెలిసింది. అవ్వ ముఖం ఎర్రబడింది. టీచరమ్మ మెల్లగా, కూతురు తల్లితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"గుడికి పూలు తీసకపోతావు గదవ్వా. పురుగు పట్టినవి తీసకపోతావా?"

"యాడన్నా తీసకపోతారా! ఏరి, మంచివే గదా తీసకపొయ్యేది."

"మరి ఇదేంది?"

అవ్వ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. జడ విప్పి, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ జుట్టును నిజంగా చూసింది. "ఎర్రగా ఉండాదే," అంది. ఆ గొంతులో భయం విని నాకూ భయం వేసింది.

"తిండి లేక అవ్వా. ఆకు తినడు, పప్పు తినడు. బొరుగులు తింటే జుట్టు యాడ నల్లబడతాది?"

"దువ్వెన పెడితే తెగుతాదే..."

"తెగింది గూడా ఆ పసుపు మూటలోనే ఎయ్యి. సామికి తక్కువ యాడ చేసినట్టు?"

అవ్వ కొంచెంసేపు కొండ వైపు చూసింది. తర్వాత ఒళ్లోని చెనిక్కాయలు చాటలోకి దులిపి లేచి, "మ్మే, పొద్దున్నే నీళ్ల పొయ్యి అంటియ్యి. రేయ్, నువ్వు సంతకు పోయి మంచి దువ్వెన తీసకరా. సన్న పండ్లది!" అని కోడలికీ కొడుక్కీ ఒకేసారి ఆజ్ఞ వేసింది. ఆ దువ్వెనే ఇది.

ఆ తలంటు నేను మరిచిపోయేది కాదు. ఎండబెట్టిన సీతాఫలం గింజలు నూరి నూనెలో కలిపారు. కంట్లో పడితే కన్నే పోతుందని నా కళ్లకు గట్టిగా గుడ్డ కట్టారు. తర్వాత సీకాయ, కాగిన నీళ్లు, మళ్లీ సీకాయ. ఒళ్లంతా సీకాయ ఘాటు, పొయ్యిలో తాటిమట్టల పొగ. తెల్ల పంచె పరిచి నన్ను దాని మీద కూర్చోబెట్టి, దువ్వమని దువ్వెన మా అమ్మ చేతికి ఇచ్చింది అవ్వ. అమ్మ దువ్వుతూ ఏడ్చింది. నా తల మీద ఆమె చేతులు అంత ధైర్యంగా తిరగడం అదే మొదలు. అవ్వ మాత్రం రెండు బొటనవేళ్ల గోళ్లతో యుద్ధానికి దిగింది. "సామి సొత్తు తినేదానికి వచ్చినారంట్రా! మీ వంశం నాశనమైపోను!" అంటూ రాలినవాటిని రాలినట్టే టపటపా కుక్కేసింది. ఊడిన వెంట్రుకలను కడిగి, ఆరబెట్టి, మూటలో వేసింది.

ఆ రోజుతో నా రాజ్యం కూలిపోయింది. మధ్యాహ్నం కంచంలో రాగి సంగటి ముద్ద, పక్కన మునగాకు పప్పు, వేయించిన చెనిగ్గింజలు నూరిన ఊరిబిండి. నేను కంచం తోసేశాను. అవ్వ దాన్ని మళ్లీ నా ముందుకు జరిపింది.

"ఇది నీకు కాదురా. సామి జుట్టుకి. మింగు."

"సామి జుట్టుకి మైసూరుపాకు ఇష్టం లేదా అవ్వా?"

"లేదు. నాకు సెప్పినాడు."

దేవుడితో నేరుగా మాట్లాడే మనిషితో ఏం వాదిస్తాం? మింగాను. అప్పటి నుంచి నా ఒంటి మీది ప్రతి పనీ సామి ఖాతాలోకి వెళ్లిపోయింది. సామి జుట్టు ముట్టుకునే చేతులు కాబట్టి తిండికి ముందూ తర్వాతా కడగాలి. గోళ్లు తీయాలి. సామి జుట్టు మోసే తల కాబట్టి దాని నోరు కంపు కొట్టకూడదు, వేపపుల్ల వేయాలి. దోరగా వేయించిన చెనిక్కాయలు తినొచ్చు, ఈగలు వాలిన మిఠాయి కూడదు. మొదట్లో ఏడుస్తూ తిన్న సంగటి, కొన్నాళ్లకు నేనే అడిగి తినేవాణ్ణి. చలికాలంలో అనపగింజలు నానబెట్టి, తొక్క పితికి, పితికిపప్పు చేసి సంగటిలోకి పెడితే వేళ్లు నాక్కునేవాణ్ణి. పొట్ట తగ్గింది. పిక్కల మీద కండ పట్టింది. జుట్టు కుదుళ్ల దగ్గర నల్లగా, నిగనిగా రావడం మొదలైంది. అవ్వ రోజూ ఎండలో నిలబెట్టి, నలుపు ఎందాకా దిగిందో చూసుకుని మురిసిపోయేది.

ఇక చూపించాల్సిన వాళ్లకు చూపించాలి కదా. ఒకరోజు అవ్వ ఇస్త్రీ చీర కట్టుకుని, చంకలో ఉతికిన తెల్ల పంచె, చేతిలో దువ్వెన, ముందు నన్ను నడిపించుకుంటూ బడికి వెళ్లింది. దారిలో రెడ్డెమ్మత్తను కేకేసి వెంట రమ్మంది. ఊరు సగం వెనకాలే వచ్చింది. బడి ముందు పంచె పరిచి, నన్ను కూర్చోబెట్టి, జడ విప్పింది.

"సారూ, ఇట్ల రా. ఒక్కటి రాలినా వీణ్ణి నేనే బర్రెల ఎంట తోలతా. రాలకపోతే లోపల కూసోబెట్టుకో. ఇదో దువ్వెన!"

హెడ్మాస్టరు బెదురుతూ దువ్వాడు. పంచె తెల్లగానే ఉంది. ఇంకో వైపు దువ్వాడు. పంచె తెల్లగానే ఉంది. పిల్లలంతా వంగి వంగి చూశారు. ఏమీ లేదు. ఎవడో ఈల వేశాడు. బడి బడంతా గోల గోలగా అరిచింది. టీచరమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను లేచి నిలబడి, నా జుట్టును భుజాల మీద నుంచి వెనక్కి విసిరాను. జీవితంలో తర్వాత నాకు శాలువలు కప్పారు, దండలు వేశారు. ఆ రోజంత గర్వం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

అవ్వ అంతటితో ఆగే మనిషా? "రెడ్డెమ్మా, ఇప్పుడు నీ కూతుర్ని కూసోబెట్టు," అంది. కాంత తలలో దువ్వెన ఒక్కసారి పెట్టేసరికి పంచె మీద నువ్వులు చల్లినట్టు రాలాయి. రెడ్డెమ్మత్త తల దించుకుంది. అవ్వ గెలిచిన సంతోషాన్ని కాసేపు బాగా అనుభవించి, తర్వాత మెత్తబడి, "శనివారం పొద్దున్నే మా ఇంటికి తోలకరా. నీళ్లు కాగబెట్టి పెడతా," అంది.

అట్లా మొదలయ్యాయి మా ఇంటి శనివారాలు. కొండ కింద ఊరు కాబట్టి ఏ ఇంట్లో చూసినా మొక్కు తల ఒకటి ఉండనే ఉంది. మొక్కు లేని తలలూ వచ్చాయి. మా పెరట్లో పిల్లలు వరసగా కూర్చునేవాళ్లు. అవ్వ ఒక్కొక్క తలనీ తిప్పి చూసేది, చేతులు చాపమనేది, పళ్లు చూపించమనేది. తలంటు అయ్యాక తలా ఒక సంగటి ముద్ద, దాని మీద గుంట చేసి ఆకుకూర పప్పు. ఊళ్లో కుర్రకారు ఆమెకు తలల తాసిల్దారు అని పేరు పెట్టారు. ఆ పేరు విని ఆమె పైకి తిట్టినా లోపల పొంగిపోయేది. టీచరమ్మ చెబితే విననివాళ్లు కూడా తాసిల్దారుకు భయపడి పిల్లల గోళ్లు తీసేవాళ్లు.

ఇంకో సంగతి చెప్పకపోతే అవ్వకు అన్యాయం చేసినట్టు. ఆ ఏడాది మా దాయాదుల్లోని ముసలివాళ్లందరి ఇళ్లకూ ఆమె మునగాకు పప్పూ, రాగి అంబలీ పంపింది. "మా మొక్కు తీరేదాకా ఎవురూ పోగూడదు, సెప్తా ఉండా," అని హెచ్చరించింది కూడా. ఒక్కరూ పోలేదు. ఏడాది తీరగానే మేము తెల్లవారుజామునే లేచి, శ్రీవారి మెట్టు దారిన నడిచి కొండెక్కాం. టీచరమ్మ గొడుగుతో సహా మాతోనే వచ్చింది. కల్యాణకట్టలో నేను తల వంచి కూర్చుంటే, గుండు చేసే ఆయన జుట్టు తడుపుతూ ఆగి, "ఏమవ్వా, ఇంత నల్లగా, ఇంత శుభ్రంగా ఉండాది! ఏం పెట్టి పెంచినావు?" అన్నాడు. అవ్వ ఆయనకు సంగటి దగ్గర్నుంచి సీకాయ దాకా మొత్తం చెప్పేదాకా కత్తి పెట్టనివ్వలేదు. జుట్టంతా ఒళ్లో పడింది. పసుపు మూట కూడా విప్పి అందులో కలిపింది. గోవిందా అని రెండు చేతులూ ఎత్తినప్పుడు ఆమె ముఖం చూశాను. లోకంలో ఎవరికీ ఏమీ బాకీ లేని ముఖం.

ఆ తర్వాతి శనివారం నేను కాళ్లు చాపుకుని అరుగు మీద కూర్చున్నాను. మొక్కు తీరింది, జుట్టు పోయింది, ఇక సీకాయా లేదు, మునగాకూ లేదు, మైసూరుపాకు సీసా నాదే అని నా లెక్క. పెరట్లోంచి అవ్వ కేక వినిపించింది. వెళ్లి నా నున్నటి గుండు నిమురుకుంటూ, "జుట్టు సామికి ఇచ్చేస్తిమి గదవ్వా, ఇంకేం కడగతావు?" అన్నాను.

అవ్వ నీళ్ల చెంబు నా చేతిలో పెట్టింది. "ఇన్నాళ్లూ సామిదని నేను కడిగితి. ఇంక మొలిచేది నీది. నీది నువ్వే కడుక్కోవాల," అంది. కొంగులోంచి ఈ దువ్వెన తీసి అదీ నాకే ఇచ్చింది. మధ్యాహ్నం సంగటి ముద్ద నా కంచంలో పెడుతూ, నేను అడగకముందే, "ఇది గూడా నీకే," అంది.

ఆ రోజుల్లో మాకు కుళాయి లేదు, సబ్బు అంటే బట్టలది, వైద్యానికి చంద్రగిరి దాకా పోవాలి. ఇప్పుడు మా ఇంట్లో మూడు కుళాయిలు, వరసగా సీసాలు, పొద్దున వెతికితే సాయంత్రానికి గుమ్మంలోకి వచ్చే మందులు. అయినా పేను వచ్చింది. రానీ. అది పరువు తక్కువ కాదు, దువ్వెన తక్కువ. ఈ కథంతా ఇద్దరికీ చెప్పి, చివర ఈ మాటే కోడలితో అన్నాను. ఆమె నవ్వింది. బాల్కనీలో తెల్ల తువాలు పరిచి, కూతుర్ని కూర్చోబెట్టుకుని, మా అమ్మ దువ్విన దువ్వెనతోనే దువ్వింది. మొదటిది రాలగానే కెవ్వుమంది. రెండోదాన్ని గోటితో కుక్కేసింది. రాలేవి ఆగి తువాలు తెల్లగా మిగిలేసరికి ముగ్గురం పెద్ద యుద్ధం గెలిచి వచ్చినంత సంబరంలో ఉన్నాం. దువ్వెన కడిగి మనవరాలి చేతికి ఇచ్చాను. ఇంక అది దానిదే.

భోజనాల దగ్గర మునగాకు పప్పు కంచంలో పడగానే ఆ పిల్ల అలవాటుగా పక్కకు నెట్టబోయింది. చెయ్యి ఆపి, నా వైపు అనుమానంగా చూసింది.

"తాతా, ఇది ఎవరికి?"

"నీకే."

కంచం దగ్గరికి జరుపుకుని, ముద్ద కలుపుకుంది.